లోహం గిట్టని బావగారు

బావగారికి లోహం గిట్టదు. ఇనుము, స్టీలు, ఇత్తడి, బంగారం, అన్నీ ఆయన దృష్టిలో ఒకే ముఠా దొంగలు. ఆయన భూరసాయన శాస్త్రవేత్త. ఏటి అడుగున పేరుకున్న బురదలో సీసం, కాడ్మియం ఎంతున్నాయో కొలవడం ఆయన పని. లోహాన్ని పట్టుకోబోయేవాడి ఒంటిమీద రవ్వంత లోహం ఉన్నా లెక్క చెడుతుందని ఆయన పట్టుదల.

ఆ పట్టుదలకు బలైనవాడు బావమరిది. నలభైకి దగ్గరపడ్డ మనిషి. డిగ్రీ రెండో ఏడాదిలో తాను చదువు మానలేదట, చదువే తనను అందుకోలేక వెనకబడిపోయిందట. ఏడు ఉద్యోగాలు ఊడాక, అక్క పోరగా పోరగా, బావ దగ్గర పడవ నడిపే ఎనిమిదోది దొరికింది. ఇదీ ఊడితే గడప తొక్కొద్దని భార్య తేల్చి చెప్పేసింది.

మొదటి రోజే ఒడ్డున నిలువుదోపిడీ జరిగింది. ఉంగరం, గడియారం, మెళ్లో గొలుసు, చివరికి బెల్టు. దాని బకిలూ లోహమేనట.

"నోరు తెరువు," అన్నాడు బావ.

"ఎందుకు బావా?"

"పన్ను కట్టించుకున్నావుగా. దేంతో?"

"పింగాణీతో."

"అయితే మూసుకో."

ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని బావమరిది రోజంతా ఉడికిపోయాడు. ఆ తెడ్డుతోనే మొసలిని తరిమానని సాయంత్రం టీకొట్టులో చెప్పాడు. నిజానికి ఆ ఏట్లోంచి కప్పలు కూడా ఎప్పుడో ఇల్లు ఖాళీ చేశాయి. గట్టుమీది బ్యాటరీల ఫ్యాక్టరీ చలవ. తాము వదిలే నీళ్లు తాగొచ్చని మేనేజరు ప్రతి సభలోనూ అంటాడు. గ్లాసులో పోసి ముందు పెడితే మాత్రం ఆయనకు దాహం ఉండదు.

నలభై చోట్ల నలభై పొట్లాల బురద తీయాలి. పదిహేడో చోట బురద తోడే ప్లాస్టిక్ చెంచా పుటుక్కున విరిగింది. బావ పడవకు ఆ కొసన వీపు తిప్పి కూర్చుని రాసుకుంటున్నాడు. అన్నం కూడా ప్లాస్టిక్ చెంచాతో తినాలా అన్న రోషంతో బావమరిది అక్క వంటింటి స్టీలు చెంచా ఒకటి సాక్సులో దాచి తెచ్చుకున్నాడు. దాంతోనే గబగబా బురద తోడి పొట్లం కట్టేశాడు.

రెండు నెలలకు ఫ్యాక్టరీ మీది కేసు విచారణకొచ్చింది. ఫ్యాక్టరీ వకీలు నాలుగు ఉంగరాల చెయ్యి ఊపుతూ లేచాడు. నలభై పొట్లాల్లో పదిహేడో దాంట్లో మాత్రమే స్టీల్లో కలిపే క్రోమియం, నికెలు ఎగిరిపడ్డాయి. తమ ఫ్యాక్టరీలో అవి వాడనే వాడరు. అంటే పొట్లం చెడింది, అంటే నలభయ్యీ చెత్తే. ఎవడో పనికిమాలినవాడితో తీయించారని ముక్తాయించాడు.

వెనక బెంచీలో బావమరిదికి ఉద్యోగం, భార్య, గడప వరసగా కళ్లముందు తిరిగాయి. అయినా ఒప్పేసుకుందామని సగం లేచాడు. ఈలోగా బావ పూర్తిగా లేచాడు.

"పడవ నాది, తప్పు నాది. పదిహేడోది చెడిందని నా రిపోర్టులో నేనే రాశాను. నలభయ్యీ మళ్లీ తీస్తాను, ఈ వకీలు గారి కళ్లముందే. ఆ ఉంగరాలు మాత్రం ఒడ్డున పెట్టి రావాలి. ఇక నా మనిషి సంగతంటారా, ఆ కంపులో రెండు నెలలు పడవ పట్టాడు. మీ మేనేజర్ని రెండు నిమిషాలు నిలబడమనండి."

వకీలు ఉంగరాలూ బెల్టూ లేకుండా ప్యాంటు పట్టుకుని పడవెక్కాడు. ఈసారి సీసం ఇంకాస్త ఎక్కువే తేలింది. ఫ్యాక్టరీ గొట్టానికి సీలు పడింది.

ఆ రోజు తిరిగొస్తూ బావమరిది నసిగాడు.

"బావా, ఆ పదిహేడోది..."

"ఏట్లో లేని క్రోమియం పొట్లంలోకెలా వచ్చిందా అని ఇంటికెళ్లి చెంచాలు లెక్కపెట్టాను. పన్నెండుకి పదకొండే ఉన్నాయి."

"అక్క అడగలేదా?"

"అడిగింది. నేనే పారేశానన్నాను. ఒక్క ముక్క ఎదురడగకుండా నమ్మేసింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు."

ఆ సాయంత్రం బావమరిది టీకొట్టుకు వెళ్లలేదు. అది అతని జీవితంలో మొదటిసారి.

మర్నాడు ఒడ్డున మళ్లీ అదే దోపిడీ. ఉంగరం, గడియారం, గొలుసు, బెల్టు. అక్కడితో అయిపోయిందనుకుని పడవలో కాలు పెట్టబోతే, బావ జేబులోంచి మూరెడు నైలాను తాడు తీసి చేతికిచ్చాడు.

"ప్యాంటుకి కట్టుకో. ఆ సాక్సులు కూడా విప్పు."