ఫ్యూజు జాగాలో తీగ

వరంగల్ మట్టెవాడలో మా పెద్దన్న పోయాడని పొద్దున్నే ఫోనొచ్చింది. ఆ మాట చెప్పగానే మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. కాసేపటికి ఇటు తిరక్కుండానే అన్నాడు.

"ఆ తీగ బావ పెట్టలే. నేను పెట్టిన."

ఆ తీగ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. తెలియనివాళ్లకు మొదట్నుంచి చెబుతాను.

అన్న కార్ల కరెంటు మిస్త్రీ. డెబ్బైల్లో, ఎనభైల్లో బండికి ఏమైందో చెప్పే మిషన్లెక్కడివి? రెండు తీగలు కట్టిన చిన్న బల్బే ఆయన సామాను. ఫ్యూజు మాటిమాటికీ పోతుందని ఎవరైనా వస్తే, ఫ్యూజు జాగాలో ఆ బల్బు తగిలించి, ఒక్కో తీగా విప్పుకుంటూ పోయేవాడు. ఏ తీగ విప్పితే బల్బు ఆరిందో షార్టు అందులోనే. అప్పుడు ముఖం వెలిగేది. దీపం ఆరితే సంబరపడేటోణ్ని నిన్నొక్కణ్నే చూసిన బిడ్డా అని అమ్మ ఎగతాళి చేసేది.

తొందరగా పోవాలి, ఫ్యూజు బదులు రాగితీగ ముక్క వేసి పంపమంటే మాత్రం వినేవాడు కాదు. "ఫ్యూజు పోయిందంటే లోపల ఏదో అయిందని లొల్లి పెడ్తాంది. దాని నోరు మూస్తే ఎట్ల?" అనేవాడు. ఈ మొండితనం వల్ల సొంత మేనమామకే కాజీపేటలో రైలు తప్పిపోయింది. ఆయన చాలాకాలం మా గడప తొక్కలేదు.

మా ఆయన అప్పట్లో ఒక షావుకారి ట్యాక్సీ నడిపేవాడు. హారన్ ఫ్యూజు నిలవడం లేదని తీసుకుపోతే, చేతినిండా పని ఉంది, రేపు వెతుకుతా, అందాకా హారన్ లేకుండా నడుపుకో అన్నాడట అన్న. మర్నాడు స్టేషన్ ఘన్‌పూర్ దారిలో కారు తగలబడింది. దేవుడి దయవల్ల మనుషులంతా దిగిపోయారు. మసిబారిన ఫ్యూజు జాగాలో రాగితీగ కనపడింది.

ఎవడు పెట్టాడని షావుకారు అడిగాడు. డ్రైవరే పెట్టాడంటే ఇక వరంగల్‌లో ఆ డ్రైవరుకు బండి ఇచ్చేవాడుండడు. మాకు ఇద్దరు చిన్నపిల్లలు. అన్న మా ఆయన ముఖం చూశాడు. "నేనే ఏసిన, తొందరల" అన్నాడు.

స్వయంగా ఒప్పుకున్నాక నమ్మక ఏం చేస్తారు? నేనూ నమ్మలేక నమ్మాను. ట్యాక్సీలవాళ్లు ఆయన షెడ్డు దాటి ముందుకు పోసాగారు. ఎన్నడూ తీగ వేయని మనిషికి తీగ మిస్త్రీ అని పేరు పడింది.

అప్పట్నుంచి ఒక అలవాటు పట్టుకుంది. ఏ బండి బాగుచేసినా, ఫ్యూజు పెట్టె మూసేముందు బండి తెచ్చినవాణ్ని పిలిచేవాడు. జర చూడు, ఫ్యూజే ఏసిన అనేవాడు. నమ్మకముంది అన్నా, మూసెయ్ అన్నా ఊరుకునేవాడు కాదు. వంగి చూసేదాకా మూత చేతిలోనే ఉండేది. జుట్టు నెరిసినా ఆ చాదస్తం పోలేదు. ఎందుకన్నా ఇదంతా అంటే, చూస్తే ఏం పోతది చెల్లె అనేవాడు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మా ఆయన్ని నిలదీశాను. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా, పిల్లలు మంచిగున్నరా అని అన్న మాట మార్చేవాడట. నాకు ఇద్దరి మీదా కోపంగా ఉంది. ఒకరి మీద చూపించడానికి ఇప్పుడు వీల్లేదు. ఇది రాయమన్నది మా ఆయనే.

కారు కాలిన కొన్నేళ్లకు మా ఆయన వేరే ఓనరు బండిని అన్న దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ పక్కనే ఉన్నాను. పనంతా అయ్యాక అన్న ఎప్పట్లాగే మూత చేత్తో పట్టుకుని, చూడు బావా అన్నాడు. మా ఆయన వంగలేదు. రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు. అన్న ఇంకోసారి పిలవలేదు. మెల్లగా మూత పెట్టేసి, చేతులు తుడుచుకున్నాడు.