తప్పుల పుస్తకం రాసిన రికార్డింగు సారు

మొన్న బుధవారం పొద్దున కోరుట్లలో నా కీబోర్డు క్లాసు మొదలుపెట్టబోతుంటే జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. మా రికార్డింగు సారు నిద్రలోనే పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. పిల్లల్ని ఇళ్లకు పంపేసి బస్సెక్కాను. దారిలో ఏడుపు వచ్చింది, మధ్యలో రెండుసార్లు నవ్వు కూడా వచ్చింది. ఆయన్ను తలుచుకుంటే ఎవరికైనా అంతే.

సారు బడిలో డ్రిల్లు మాస్టరు. రిటైరయ్యాక ఇంటి ముందుగదిలో రికార్డింగు పెట్టారు. ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్, పాత కంప్యూటర్, గోడలకు దుప్పట్లు. నేనక్కడ కీబోర్డు వాయించేదాన్ని. ఎవరు ఏ తప్పు చేసినా ఒక నోటుపుస్తకంలో పేరుతో సహా రాసేవారు. "రాసి పెడితే మల్ల చెయ్యవు బిడ్డా" అనేవారు.

ఒకరోజు బుగ్గారం నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. ఆ ఊళ్లో ఏ పెళ్లయినా పాట ఆమెదే. వారంలో గొంతుకు ఆపరేషన్. తర్వాత పాడగలదో లేదో చెప్పలేమన్నాడట డాక్టరు. మనవరాలి పెళ్లేమో రెండు నెలల్లో.

"నా పాట లేకుంట పిల్లను అత్తగారింటికి ఎట్ల సాగదోల్తరు సారు?" అంది.

ఆమె పాటను రికార్డర్‌లోకి ఎక్కించాం. డోలు, కీబోర్డు నేను కంప్యూటర్లో చేశాను. గొంతు కూడా అందులోకి మారిస్తే ఆ పాత కంప్యూటర్ ఆగిపోయేది. అందుకని రెండింటినీ కలిపి నడపాలి. ఒకేసారి మీటలు నొక్కితే మొదటి చరణం బాగానే ఉండేది. మూడో చరణానికి డోలు ముందుకెళ్లిపోయేది.

"గిదేంది, డోలు నన్ను ఇడిశిపెట్టి ఉరుకుతున్నది" అంది పెద్దమ్మ.

ఒక యంత్రం తాళాన్ని ఇంకోదానికి అందించే మిడి కేబుల్‌తో సారు రెండింటినీ కలిపారు. అయినా అదే గొడవ. అప్పుడు నన్నూ పెద్దమ్మనూ వాకిట్లో నిలబెట్టి, ఎవరి చప్పట్లకు వాళ్లను నడవమన్నారు. పది అడుగుల్లో విడిపోయాం. తర్వాత నన్ను చప్పట్లు ఆపి, పెద్దమ్మ చప్పట్లు వింటూ నడవమన్నారు. ఈసారి అడుగు తప్పలేదు.

"ఇద్దరు ముందట నడుస్తమంటే ఎట్ల కుదురుతది? రికార్డర్ చప్పట్లు కొట్టాలె, కంప్యూటర్ ఇనాలె" అన్నారు సారు.

లోపలికెళ్లి, సాఫ్ట్‌వేర్ తన సొంత గడియారం వదిలి రికార్డర్ పంపే సమయాన్నే అనుసరించేలా మార్చాను. రికార్డర్ మీట నొక్కాం. కంప్యూటర్ కదల్లేదు. సారు వంగి చూశారు. రికార్డర్ ఔట్ నుంచి వచ్చిన కేబుల్‌ను కంప్యూటర్ వైపు ఇన్‌లో పెట్టాల్సింది, ఔట్‌లో పెట్టారు. పుస్తకం తీసి, "ఔట్‌ల పెట్టినోడు: నేనే" అని రాసుకున్నారు. కేబుల్ మార్చగానే రికార్డర్ వెంట కంప్యూటర్ దానంతటదే కదిలింది. చివరి చరణం దాకా డోలు ఆమె గొంతును వదల్లేదు.

నాకు తెలిసిన కాస్తా అలా వాకిట్లో నడిచి నేర్చుకున్నదే. ఇవాళ అర్థంకాని పిల్లల్ని నేనూ లేపి నడిపిస్తాను.

పెళ్లి వేములవాడలో జరిగింది, సారూ నేనూ వెళ్లాం. పెద్దమ్మకు ఆపరేషన్ బాగానే అయింది గానీ గొంతు ఇంకా పెగల్లేదు. పిల్లను సాగనంపేటప్పుడు స్పీకర్లో ఆమె పాట మొదలైంది. ఆమె మనవరాలి చేయి పట్టుకుని పెదవులు కదిపింది. తెలియనివాళ్లు ఆమే పాడుతోందనుకున్నారు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోవడం మరిచి, వాటిని చేతిలోనే పట్టుకుని, పాట అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు.