రబ్బరుతో చెరిపిన రెండు చుక్కలు

1998 జూన్‌లో నన్ను రామచంద్రపురంలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ శాఖాధిపతిగా బదిలీ చేశారు. మా శాఖలో తాత్కాలికంగా పనిచేస్తున్న లెక్చరర్ సత్యవతి గారికి ఎం.ఫిల్. గైడును నేనే. ఆ డిగ్రీ వస్తేగాని ఆవిడ ఉద్యోగం పర్మినెంటు కాదు. థీసిస్ ఇవ్వడానికి ఆ ఏడే ఆఖరి గడువు.

ఆవిడ ఎత్తుకున్న ప్రశ్న సామాన్యమైనది కాదు. విశ్వం పుట్టిన కొత్తలో ఏర్పడ్డ కృష్ణబిలాలే కంటికి కనబడని కృష్ణ పదార్థం కావచ్చా? అలాంటి బిలం ఒక నక్షత్రానికీ మనకూ మధ్యగా వెళితే, దాని ఆకర్షణకు వెలుగు వంగి మనవైపు పోగవుతుంది. నక్షత్రం ప్రకాశం కొన్నాళ్లు పెరిగి, పెరిగిన తీరులోనే తగ్గుతుంది. విదేశీ టెలిస్కోపు కొలతలు సీడీల్లో తెప్పించుకుని, లక్షల నక్షత్రాలను జల్లెడపట్టి, ఆవిడ అలాంటిదాన్ని ఒక్కదాన్ని పట్టుకున్నారు.

ఆ నక్షత్రం వెలుగు రోజురోజుకీ ఎలా మారిందో చూపే గ్రాఫు ఫెయిర్ చేసే పని నేను తీసుకున్నాను. ల్యాబు రికార్డుల్లో మాకో అలవాటుంది. ముందు పెన్సిలుతో చుక్కలు పెట్టి, గీతకు ఎడంగా పడ్డవాటిని రబ్బరుతో చెరిపి, తరవాత ఇంకుతో దిద్దుతాం. పాతికేళ్ల చెయ్యి ఊరుకుంటుందా? వెలుగు తగ్గే వైపు ఉన్నవే కొద్ది చుక్కలు. వాటిలో రెండు గీతకు బాగా పైన పడితే చెరిపేశాను. కాగితాన్ని గీత శిఖరం దగ్గర మడిచి కిటికీకి పెట్టి చూస్తే రెండు వైపులూ చక్కగా కలిశాయి. మురిసిపోయాను.

సత్యవతి గారు పట్టికతో సరిచూసి, "రెండు రోజుల కొలతలు లేవేంటండి?" అన్నారు. చెరిపానని చెప్పాను. వారమే గడువుందని, అవి కొలతల్లో లోపమని రాసేస్తే సరిపోతుందని కూడా అన్నాను.

"ఆ రోజుల్లో ఆకాశం బాగాలేదని వాళ్లు రాసుంటే ఒప్పుకునేదాన్నండి. రాయలేదు కదా," అన్నారావిడ.

రెండు చుక్కలూ మళ్లీ పెట్టి మడిచారు. కలవలేదు. ఏ బిలమూ అడ్డురాకుండానే, దానంతటదే వెలుగు వేగంగా పెరిగి నెమ్మదిగా తగ్గే రకం నక్షత్రమది. ఆవిడ నిబ్బరం చూసి నాకు సిగ్గూ గౌరవమూ ఒక్కసారే కలిగాయి.

ఆ వారంలోనే ఆవిడ చివరి అధ్యాయం తిరగరాశారు. కృష్ణ పదార్థమంతా తాను వెతికినంత బరువున్న బిలాలే అయితే ఆ నక్షత్రాల్లో ఎన్ని అలా వెలగాలో లెక్కకట్టి, ఒక్కటీ వెలగలేదు గనుక అంతా అవే కాలేవని తేల్చారు. ఏమీ దొరకని థీసిస్‌ను తిప్పి పంపుతారని నేను భయపడ్డాను. ఆ లెక్కే బాగుందని పరీక్షకులు పాస్ చేశారు. ఉద్యోగం పర్మినెంటయింది.

మా ల్యాబులో రబ్బరు మాన్పించాను. ఎడంగా పడ్డ చుక్క చుట్టూ సున్నా చుట్టమన్నాను. నమూనాగా గోడకు అంటించింది నా గ్రాఫే, రెండు సున్నాలతో. పాతికేళ్లు నేను పిల్లలకు గ్రాఫు అందంగా గీయడం నేర్పాను. కొలిచినదాన్ని ఒప్పుకోవడం నాకు నేర్పింది మా శాఖలో అందరికన్నా జూనియరు.