మహాలక్ష్మత్త కట్టించిన అటక గది

ఎండకు కాగిన రేకు మీద తొలి వాన చినుకులు పడినప్పుడు ఒక వాసన లేస్తుంది. ఇనుము, దుమ్ము, పాత టేకు కలిసిన వాసన అది. మొన్న రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు పక్కన ఒక గోదాము పైకప్పు కింద, దూలాల మధ్య నడుం వంచి కొలతలు తీసుకుంటూ ఉండగా ఆ వాసన తగిలింది. ఆ అటకను గదిగా మార్చి కాపలావాడి కుటుంబాన్ని అందులో ఉంచాలని యజమాని ఉద్దేశం. కింద వడ్రంగి ఉన్నాడు. నేను దిగగానే తన రేటు చెప్పాలని తొందరపడుతున్నాడు. నేను మాత్రం టేపు చేతిలో పట్టుకుని అక్కడే దూలం మీద కూర్చుండిపోయాను. ఇక్కడికి రెండు వీధుల అవతలే మహాలక్ష్మత్త ఇల్లు. అటకను గదిగా మార్చే పని మొదటిసారి నేను చూసింది ఆ ఇంట్లోనే. ఆ పని ఎలా మొదలుపెట్టాలో నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ పేరు మహాలక్ష్మమ్మ. ఊరు భీమునిపట్నం దగ్గర. భర్త రేవులో ఓడలు దింపే కూలీల జట్టుకు మేస్త్రీగా పనిచేసి, ఒక టేకు ఇల్లు కట్టి, అందులో ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. ఆవిడ కింద భోజనశాల నడిపేది. పైన ముందు గదిలో మేం నలుగురం గుమాస్తాలం అద్దెకుండేవాళ్ళం. వెనక గదిలో ఆవిడ, కొడుకు సింహాచలం, బర్మా కోడలు మా టిన్. 'మా' అన్నది బర్మావాళ్ళు ఆడవాళ్ళ పేరు ముందు మర్యాదకు పెట్టే మాట. నేను ఇంజినీరింగ్ స్కూలు చదువు ముగించి, ఒక కలప వర్తకుడి ఆఫీసులో నక్షాలు గీసే పనిలో చేరి, ఓడ దిగిన రోజున తిన్న మొదటి అన్నం ఆవిడ వడ్డించిందే. ప్రతి విషయానికీ అంకెలు వేసి వరసగా రాసుకోవడం నాకు అప్పటికే అలవాటు. అది చూసి ఆవిడ నవ్వేది గాని ఎగతాళి చేసేది కాదు.

ఆ ఏడు వేసవిలో మా టిన్ కడుపుతో ఉంది. ఒక సాయంత్రం మేం అన్నాలకు కూర్చున్నప్పుడు, ఓడల మీద బరువులెత్తే యంత్రం నడిపి వచ్చిన సింహాచలం, నూనె చేతులు కడుక్కోకుండానే తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, వానలు పడకముందే ట్వంటే ఎల్లిపోతాం. టిన్ అమ్మానాన్నల కాడ ఉంటాం. ఈ గదిలో ముగ్గురికే ఊపిరాడ్డం నేదు. రేపు గుంటొస్తే ఎక్కడెడతాం?"

"రేవులో పనో?"

"మావ కుండలు సేత్తాడు కదా. నానూ నేర్సుకుంటాను."

"ఎల్లి మల్లీ వొస్తావేటి?"

సింహాచలం చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాడు. ఆవిడకు ఉన్నది ఆ ఒక్క కొడుకు. నది అవతలి ట్వంటేకు పడవెక్కితే తిరిగి రాడని ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు. నేను వెంటనే, మేం నలుగురం వేరేచోటు చూసుకుంటామని అన్నాను.

"నువ్వు కూకో. ఒకల్ని లేపి ఇంకోల్ని కూకోబెడితే అది సోటు సెయ్యడం కాదు నాయనా," అంది. తర్వాత తలెత్తి పైకి చూసింది. "ఒరే ఇంజినీరూ, ఆ పైన ఎంత ఎత్తుంటాది?"

మర్నాడు నిచ్చెన వేసుకుని అటకెక్కాను. పాత చాపలు, ఇత్తడి గంగాళాలు, మేస్త్రీగారి పనిముట్ల పెట్టె. కప్పు నడి వెన్ను కింద మనిషి నిటారుగా నిలబడవచ్చు. చూరు వైపు పాకాలి. దూలాలు గట్టివి. వాటి మధ్య కొత్తవి వేస్తే ముగ్గురి బరువు హాయిగా మోస్తాయి. చెయ్యవలసినవన్నీ రాసుకుని దిగి చదివి వినిపించాను: దూలాల బలం, నేల చెక్కలు, మెట్లు, రేకు కింద చెక్క లోకప్పు, గాలికి కిటికీ. ఆవిడ ఆకువక్క నములుతూ అంతా విన్నది.

"బాగుంది. మరి ఇందులో బయపడాల్సింది ఏటో రాయనేదేం?"

"భయమెందుకు అత్తా? లెక్క అంతా సరిపోయింది."

"మీ మావ ఓడ దింపే ముందు జట్టు పెద్దల్ని రేటు తరవాత అడిగీవోడు. ఈ సరుకులో నీకు బయం ఏటని ముందడిగీవోడు. గొలుసు అంటే ఒకడు, తడిసిన బస్తాలు అంటే ఒకడు. ఏటీ బయం నేదన్నోడికి పని ఇచ్చీవోడు కాదు. మనమూ అలగే అడుగుదాం. రేట్లు రాసుకోడం నీ పని, ఇది అడగడం నా పని."

మొదట వచ్చింది గవరయ్య మేస్త్రీ. ఆవిడ ఊరివాడే. రేవులో తెలుగువాళ్ళ ఇళ్ళూ షెడ్లూ కట్టే పనులన్నీ అతనివే. ఈ పని కూడా తనదేనని ముందే అనుకుని వచ్చాడు. నిచ్చెన ఎక్కకుండా కింది నుంచే పైకి చూసి రేటు చెప్పేశాడు. వచ్చినవాళ్ళలో అతనిదే తక్కువ.

"ఈ పనిలో నీకు బయం ఏటి గవరయ్యా?"

"బయమా? నాకా? మాలచ్చమ్మప్పా, ఓడల్నే మోసినోడ్ని, అటకకి బయపడతానేటి?"

ఆవిడ అతనికి మజ్జిగ ఇచ్చి పంపించింది.

రెండోవాడు చీనా వడ్రంగి, పేరు ఆ లుం. అతనితో నేను వచ్చీరాని బర్మా భాషలో మాట్లాడాను. పైకెక్కి చాలాసేపు ఉండి, చొక్కా తడిసి ముద్దై దిగాడు. తన భయం వేడి గురించేనన్నాడు. రేకు కింద లోకప్పు వేసినంత మాత్రాన సరిపోదట. తూర్పు వైపు త్రికోణపు గోడలో పెద్ద కిటికీ, పడమట వేడిగాలి పోవడానికి సందులు పెట్టనివ్వకపోతే ఈ పని తీసుకోనన్నాడు. పసిబిడ్డ ఉంటుందని విన్నాడట. ఆవిడ నావైపు తిరిగి తలూపింది.

మూడోవాడు ఊ సాన్ అనే బర్మా పెద్దాయన, పజుండాంగ్ వాగు అవతలి నుంచి వచ్చాడు. అటకలోకి తొంగి చూసి దిగాడు. వెనక గది తూర్పు గోడకు ఉన్న అర వైపు చూశాడు. దాని మీద మా టిన్ కొలిచే చిన్న బుద్ధవిగ్రహం, పక్కనే మహాలక్ష్మత్త మొక్కే సింహాచలం కొండ మీది అప్పన్న పటం. మా టిన్ కాపురానికి వచ్చిన రోజున అత్తగారే దగ్గరుండి కొట్టించిన అర అది. ఊ సాన్ విగ్రహానికి చేతులు జోడించి, మా టిన్‌తో మెల్లగా రెండు మాటలు మాట్లాడి, టీ తాగి, ఇప్పుడు చేతినిండా పని ఉంది, వానలు వెళ్ళాక చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు. కాన్పుకు ముందే గది కావాలని అతనికి తెలియక కాదు.

నేను అతని పేరు కొట్టేశాను. మహాలక్ష్మత్త మాత్రం అతను వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ వారమంతా ఆవిడను ఇంకో విషయం కూడా తొలుస్తోంది. అటక మాట విన్నాక సింహాచలం మెత్తబడ్డాడు గాని, మా టిన్ మాత్రం లుంగీలు మడిచి మూట కట్టడం ఆపలేదు. కోడలికి తన దగ్గర ఉండటం ఇష్టంలేదని ఆవిడ లోపల్లోపల కుములుతోందని మాకు అర్థమయ్యేది. కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

"ఆ పెద్దాయన బయపడ్డాడ్రా," అంది నాతో. "దేనికో మనకి సెప్పనేదు. టిన్‌కి సెప్పినాడు."

మా టిన్ వెనక గదిలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆవిడ వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"టిన్, అందర్నీ అడిగినాం. నిన్నెవులూ అడగనేదు కదే. ఈ పనిలో నీకు బయం ఏటి?"

మా టిన్ తల వంచుకుంది. ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలుగుతుందేమోనని తన కష్టాన్ని బయటపెట్టకపోవడాన్ని బర్మావాళ్ళు ఆనాదే అంటారు. రంగూన్‌లో ఎవరికైనా మొదటి నెలలోనే తెలిసే మాట అది. అత్తగారికీ తెలుసు.

"ఆనాదే అని నోరు మూసుకున్నావంటే ఇక ట్వంటే పడవ ఎక్కడమే. నీ మొగుడూ ఎక్కుతాడు. నాను ఒక్కర్తినీ ఈడ కూకుంటాను. సెప్పు తల్లీ."

"అమే," అంది మా టిన్. తల్లిని పిలిచినట్టే అత్తగారినీ అలా పిలిచేది. "ఫయా ఇక్కడ. మేం పైన. పడుకుంటే కాళ్ళు... ఫయా తల మీద. నాకు అలాగ నిద్ర రాదు. బిడ్డనీ పడుకోబెట్టనేను."

ఫయా అంటే బుద్ధుడు. మేమంతా ఒక్కసారిగా అరకేసీ, దాని పైనున్న కప్పుకేసీ చూశాం. మన మేడ ఇళ్ళలో కింద పూజగది ఉంటుంది, పైన అందరూ పడుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. బుద్ధుణ్ణి నమ్మే ఇంట్లో మాత్రం ఆయన తలకన్నా ఎత్తున ఎవరి పాదమూ ఉండకూడదు. నేను గీసిన మంచం సరిగ్గా ఆ అర మీదికే వచ్చింది.

"ఇన్నాల్లూ మూట కట్టింది ఇందుకా?" అంది మహాలక్ష్మత్త. మా టిన్ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. మిరపకాయల చేతులు. కళ్ళు మరింత మండి, అత్తా కోడలూ ఇద్దరూ కుండ దగ్గరికి పరుగెత్తారు.

మొహం కడిగించి వచ్చాక ఆవిడ గొంతులో ఆ బాధ లేదు. "ఐతే ఫయా ముందెక్కుతాడు. ఆ తరవాత మీరెక్కుతారు. పైన తూర్పు గోడకి, మీ తలల కన్నా ఎత్తున అర కొట్టిద్దాం. కింద అరలో ఏటీ ఉంచొద్దు. సరేనా?"

మా టిన్ తలెత్తి పైకి చూసి, "సరే అమే," అంది.

"మరి అప్పన్నో?" అన్నాడు అప్పుడే పని నుంచి వచ్చిన సింహాచలం.

"అప్పన్న కొండ మీదోడు కాదేటిరా? ఎక్కడం ఆయనకి కొత్తేటి? నాకే మెట్లు కొత్త!"

మా టిన్ పైకి వినబడేలా నవ్వగా నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

తూర్పు గోడకు అర కొట్టిస్తే ఆ లుం అడిగిన కిటికీకి చోటు లేదు. వేడీ తగ్గాలి, దేవుడూ ఎత్తున ఉండాలి. నేను మళ్ళీ కూర్చుని గీశాను. అరకు చెరో పక్కా ఒక సన్నటి పొడవాటి కిటికీ. ఆ లుం కొత్త నక్షా చూసి, ఐతే ఇప్పుడు తనకు ఇంకో భయం ఉందన్నాడు. ఎండు చెక్కల మధ్య దీపం. అర వెనకా పైనా రేకు కొట్టాలి, అందుకు రేటు పెరుగుతుంది. మహాలక్ష్మత్త బేరమాడకుండా పని అతనికి ఇచ్చింది. ఆవిడ బేరమాడని సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

గవరయ్య మేస్త్రీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మనూరోడ్ని వొగ్గీసి చీనావోడికి ఇత్తావా అప్పా? రేవులో నాకు మొకమెక్కడుంది?"

"నువ్వు దేనికీ బయపడనన్నావు గవరయ్యా. నా మనవలు పడుకునే సోటికి బయపడీవోడు కావాలి."

ఆ మర్నాటి నుంచి గవరయ్య జట్టు భోజనానికి రావడం మానేసింది. ఆకులు మిగిలిపోయేవి. కొడుకు గొణిగితే ఆవిడ, "ఇల్లు నిలబడితే ఆకులు నిండుతాయి," అని పొయ్యి రాజేసేది. కొన్నాళ్ళకు ఆ జట్టులో ఒక్కొక్కడే ఎండుచేపల పులుసు వాసన పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. అందరికన్నా చివర గవరయ్యే వచ్చాడు. "చీనావోడి మెట్లు గట్టివేటో సూద్దారని వొచ్చాను," అని ఆకు ముందు కూర్చున్నాడు.

"తిని సూడు. తినకుండా ఎక్కితే ఇరిగిపోతాయి," అంది ఆవిడ.

చివరి చెక్క కొట్టిన మధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. మొదటి చినుకులు రేకు మీద పడుతుండగా, మా టిన్ బుద్ధవిగ్రహాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది. వెనక అప్పన్న పటంతో మహాలక్ష్మత్త. కింద మేమంతా తలలెత్తి నిలబడ్డాం. పైకి వెళ్ళాక నన్ను పిలిచి, "ఒరే, ఆ మూట కూడా తేరా," అంది. ట్వంటేకు కట్టిన మూట అది. పైకి తీసుకెళ్ళి నేనే విప్పాను. ఆడపిల్ల పుట్టింది ఆ వానల్లోనే. మా టిన్ తండ్రి ట్వంటే నుంచి పడవలో ఒక పెద్ద నీళ్ళకుండ తెచ్చి కిటికీ కింద పెట్టాడు. ఆ లుం భయపడిన వేడిని అది కూడా కొంత తగ్గించింది.

తర్వాతి ఏళ్ళలో ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. తాను కట్టించిన మెట్లు తానే ఎక్కలేకపోయింది. మనవరాలు చంద్ర కింద అవ్వ చేతిలోంచి పువ్వులు తీసుకుని పైకి వెళ్ళేది. అప్పన్నకొకటి, ఫయాకొకటి పెట్టి, అక్కడి నుంచే "ఎట్టేశాను అవ్వా!" అని అరిచేది. ఈవిడ కింద కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేది. నిరుడు వానాకాలంలో పోయింది. పోయేముందు చూడ్డానికి వెళితే, "పైన సల్లగా ఉందేటిరా?" అని అడిగింది. పైకెక్కి చూసి వచ్చి, ఉందని చెప్పాను.

ఇప్పటికీ నేను ఏ పనికి రేట్లు తీసుకున్నా వరసలో అన్ని అంశాల కన్నా ముందు ఆవిడ ప్రశ్న రాసుకుంటాను. గోదాములోంచి దిగి వడ్రంగిని అదే అడిగాను. చూరు దగ్గర నీరు కారుతుందేమోనని తన భయమన్నాడు. మంచి జవాబు. రాసుకున్నాను. రేటు చెప్పబోతే ఆగమన్నాను. కాపలావాడి కుటుంబాన్ని అడగనక్కర్లేదని యజమాని ముందే అన్నాడు. వాన జోరందుకుంది. గొడుగు తీసుకుని, గేటు పక్కన రేకుల చాటున పొయ్యి రాజేస్తున్న కాపలావాడి భార్య దగ్గరికి నడిచాను.