బూట్లు విప్పి రావాల్సిన ఇల్లు

స్తామెనా ఇంట్లోకి ముప్పై ఎనిమిదేళ్లలో బూట్లతో అడుగుపెట్టిన మనిషి లేడు. చర్చి గురువుగారైనా సరే, గడప బయట బూట్లు విప్పి, ఆవిడ అల్లిన ఉన్ని మేజోళ్లు తొడుక్కుని లోపలికి రావాల్సిందే. ఊరి పక్కన పారే సావా నది ఒక్కటే ఈ మే నెల వరదలో ఆ మర్యాద పాటించలేదు. కిటికీ అంచుల దాకా బురదతో వచ్చి, నాలుగు రోజులు కూర్చుని పోయింది.

ఆ ఇల్లు ఆవిడ భర్త రాదిసావ్ కట్టింది. చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి పని చేసి, పగలు ఇటుక మీద ఇటుక పెట్టాడు. పదకొండేళ్లు పట్టింది. పూర్తయ్యాక ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనే వాళ్లూ చేశారు. ఇంటికి తాళం వేసి, వాకిట్లో పచ్చి ఇటుకల వంటసాలలో కాపురం పెట్టారు. వండుకోవడం, తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ ఆ ఒక్క గదిలోనే. పెద్దిల్లు అతిథులకి, డిసెంబరులో వాళ్లింటి పునీతుడు నికోలా పండక్కి. పిల్లల్లేని ఆ దంపతులకి ఆ ఇల్లే పిల్ల. రాదిసావ్ అందులో పడుకున్నది ఒక్క రాత్రి, అదీ చచ్చిపోయాక, శవపేటికలో.

వరదకి వంటసాల బెల్లంలా కరిగిపోయింది. పొయ్యి గొట్టం ఒక్కటే మట్టిదిబ్బలోంచి బయటికి పొడుచుకొచ్చి మిగిలింది. పెద్దిల్లు నిలబడింది గానీ చెక్క నేల ఉబ్బిపోయింది, గోడలు నీళ్లు పీల్చేశాయి. అరవై తొమ్మిదేళ్ల స్తామెనా పశువులు లేని కొట్టం అటక మీద ఎండుగడ్డిలో పడక వేసుకుంది. ఆవిడకి కావలసింది ఒక్కటే. మంచు పడేలోపు ఒక పొడి గది. దానికి సర్కారు సాయం చేస్తుందని, నష్టం చూడడానికి మునిసిపాలిటీ నుంచి కమిషన్ వస్తుందని ఊళ్లో చెప్పుకున్నారు.

"వదినా, ఏదీ ముట్టుకోకు," అన్నాడు పక్కింటి మిలాదిన్. "బురద బురదలాగే ఉండనీ. గోడ మీద నీటి గీత కనపడాలి. నేను మా ఇంట్లో చచ్చిన చేపని కూడా తియ్యలేదు."

"నీ కొంప కంపు వీధి చివరిదాకా వస్తోందిలే. ఇంటికి మనుషులొస్తుంటే అలా పెట్టుకుంటానా? చూసి ఏమనుకుంటారు?"

అనడమే కాదు, చేసింది కూడా. తొమ్మిది రోజులు మోకాళ్ల మీద కూర్చుని బురద గోకింది. నేల కడిగింది. నీటి గీత మీద రెండు పూతలు సున్నం వేసింది. తివాచీని కంచె మీద ఆరేసి కొట్టి కొట్టి మళ్లీ పరిచింది. పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన దుప్పటి మంచం మీద పరిచింది. ఆ మహాతల్లికి ఎవరు చెప్పినా చెవికెక్కలేదు.

జూన్‌లో ఇంజనీరు నెబోయ్షా, రాసుకోవడానికి ఒకమ్మాయి వచ్చారు. స్తామెనా గుమ్మంలో బూట్లు విప్పించింది. వెండి పళ్లెంలో చెర్రీ పాకం, గ్లాసుల్లో చన్నీళ్లు పెట్టింది. చెంచాడు పాకం నోట్లో వేసుకుని ఇంజనీరు తెల్లటి గోడల కేసి చూశాడు.

"పెద్దమ్మా, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?"

"కిటికీ దాకా, నాయనా."

"గీత కనపడట్లేదే?"

"సున్నం వేశాగా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు, మర్యాదస్తుడే. "నువ్వు పడుకునేది ఏ గదిలో?" అని అడిగాడు.

"వంటసాలలో. అదుగో, ఆ మట్టిదిబ్బ."

"మరి ఈ ఇంట్లో?"

స్తామెనాకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఇందులో ఎవరుంటారు నాయనా? ఇది ఇల్లు," అంది.

అమ్మాయి ఆ మాట రాసుకుంది. జూలైలో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. మిలాదిన్ చదివి వినిపించాడు. పెద్దిల్లు నివాసంగా వాడుకలో లేదు, కరెంటు మీటరు కూడా అదే చెబుతోంది, కాబట్టి సాయం రాదు. వంటసాల కొట్టం, కోళ్లగూడు లాంటి అదనపు కట్టడం, పథకం కిందికి రాదు, కాబట్టి దానికీ రాదు.

"అంటే ఏంటి?" అంది స్తామెనా.

"అంటే నువ్వున్నది ఇల్లు కాదు. ఇల్లున్నచోట నువ్వు లేవు."

"ముప్పై ఎనిమిదేళ్లు కోళ్లగూట్లో ఉన్నానా నేను?"

మిలాదిన్ ఉత్తరం మడిచి ఇచ్చేశాడు. చేప తియ్యని మిలాదిన్‌కి సాయం వచ్చింది, కొత్త నేల వేయిస్తున్నాడు. అది వాళ్లిద్దరి మధ్యా ఎవరూ ఎత్తని మాట. ఆ సిగ్గుతోనే కాబోలు, అప్పీలు తనే రాస్తానన్నాడు. గడువు పదిహేను రోజులు.

"ఈసారి నా మాట విను, వదినా. పెద్దింట్లోనే పడుకునేదాన్ని, వంటసాలలో వండుకునేదాన్ని అంతే, అని రాస్తాను. వీధిలో ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు. మళ్లీ చూడ్డానికొస్తారు. పక్క చెరిపి ఉంచు. నాలుగు గిన్నెలు అంటుతో పడెయ్యి. మనిషి బతికే కొంపలాగా కనపడాలి."

"అబద్ధం ఆడమంటావా? రాదిసావ్ ఫోటో ఆ ఇంటి గోడ మీదే ఉంది."

"రాదిసావ్ వచ్చి వాంగ్మూలం ఇవ్వడులే."

"అబద్ధం ఆడను. ఇవాళ్టి నుంచి అందులోనే పడుకుంటాను. అప్పుడు అబద్ధం కాదుగా."

మిలాదిన్ తల పట్టుకున్నాడు. కానీ అప్పీలు అలాగే రాశాడు. వంటసాల కూలిపోయినందున దరఖాస్తుదారు ప్రస్తుతం పెద్దింట్లోనే నివసిస్తోంది అని.

ఆ రాత్రి స్తామెనా పెళ్లి దుప్పటి మడిచి పెట్టెలో పెట్టి, తడి ఆరని ఆ గదిలో పడుకుంది. నిద్ర పట్టలేదు. పరాయి ఇంట్లో దొంగతనంగా దూరినట్టుంది. గోడల్లోంచి చెమ్మ వాసన. సెప్టెంబరుకల్లా దగ్గు పట్టుకుంది. పండగ రోజున తప్ప ఎన్నడూ వెలిగించని, గది వెచ్చబెట్టే పింగాణీ పొయ్యిలో కట్టెలు పెడితే, పగుళ్లలోంచి పొగొచ్చి పైకప్పు నల్లబడింది. ఆవిడ ఆ మరక కింద కూర్చుని ఏడ్చింది. వరద రోజున కూడా ఏడవని మనిషి.

సెప్టెంబరు చివర్లో కమిషన్ మళ్లీ వచ్చింది. అదే ఇంజనీరు, అదే అమ్మాయి. మంచం మీద నలిగిన పక్క ఉంది, కుర్చీకి గుడ్డలు వేలాడుతున్నాయి, పొయ్యి పక్కన ఉల్లిపాయల బుట్ట ఉంది. ఏదీ నాటకం కాదు, అదే ఆవిడ బతుకు. అయినా అతిథులు అతిథులే. తెల్లవారుజామునే లేచి గోడల బూజు తుడిచేసింది. వాసన రాకుండా ఎండు తులసి రెమ్మలు గదంతా కట్టింది. పాకం పళ్లెం తెచ్చింది. వాళ్లు బూట్లు విప్పారు.

"ఇప్పుడు ఇక్కడే ఉంటున్నావా, పెద్దమ్మా?"

"ఇక్కడే నాయనా. నా పక్క అదిగో."

"పొయ్యి బాగా మండుతోందా?"

ఇక్కడే ఆవిడ మర్యాద పక్కన పెట్టాల్సింది. ఇంటికొచ్చినవాడు క్షేమం అడిగితే ఏడుపు మొహం పెట్టడం ఆవిడ పెంపకంలో లేదు. "బాగా మండుతోంది, దేవుడి దయవల్ల," అంది.

"చెమ్మ ఇబ్బందిగా లేదూ?"

దగ్గు గొంతు దాకా వచ్చింది. ఆవిడ నీళ్లు తాగి మింగేసింది. "ఏదో, గడిచిపోతోంది నాయనా. మీరు తినండి. ఈ అమ్మాయి మరీ చిక్కిపోయిందేంటి?"

వెళ్తున్నప్పుడు వాళ్ల చేతికి రెండు సీసాల పాకం కూడా ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు. వీధి మలుపు దాకా సాగనంపి, కొట్టం చాటుకి వెళ్లి కడుపు పట్టుకుని దగ్గింది. "ఈసారి మంచిగా మాట్లాడాడు," అని మిలాదిన్‌తో సంబరంగా చెప్పింది.

నవంబరులో మొదటి మంచు తర్వాత ఉత్తరం వచ్చింది. మిలాదిన్ కళ్లద్దాలు పెట్టుకుని పెద్దింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒకసారి తనలో చదువుకున్నాడు. రెండోసారీ తనలోనే చదువుకున్నాడు.

"పైకి చదువు," అంది స్తామెనా.

"దరఖాస్తుదారు పెద్దింట్లోనే నివసిస్తున్నట్టు పరిశీలనలో తేలింది. పొయ్యి పనిచేస్తోంది. ఇబ్బందులేమీ లేవని దరఖాస్తుదారే చెప్పింది. కావున ఈ కట్టడం నివాసయోగ్యమే. సాయం అవసరం లేదు."

పొయ్యిలోంచి పొగ సన్నగా వస్తూనే ఉంది.

"అప్పుడు ఉండట్లేదు కాబట్టి ఇవ్వం అన్నారు," అంది స్తామెనా.

"అవును."

"ఇప్పుడు ఉంటున్నాను కాబట్టి ఇవ్వం అంటున్నారు."

"అవును వదినా."

"నేను వాళ్లకి పాకం ఇచ్చాను, మిలాదిన్."

మిలాదిన్ ఉత్తరం పక్కన పెట్టాడు. ఇక మిగిలింది కోర్టు అని, పట్నంలో ఫిర్యాదు వెయ్యాలని, మేనల్లుడితో ఫారం తెప్పించానని చెప్పి, జేబులోంచి కాగితం తీశాడు. ఆవిడ పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు.

"నివాసం," అన్నాడు. "ఏం రాయమంటావు?"

స్తామెనా కిటికీలోంచి బయటికి చూసింది. ఒకవైపు మంచు కప్పిన మట్టిదిబ్బ, దాని మీద పొయ్యి గొట్టం. ఇవతలివైపు ఈ గోడ. రెండింటికీ మధ్య పదిహేనడుగుల ఖాళీ నేల.

"వాకిలి అని రాయి," అంది. "వంటసాల ఇల్లు కాదు, ఇల్లు నాది కాదు. ఆ మధ్యలో ఉంటానని రాయి."

మిలాదిన్ రాయలేదు. ఇంటి నంబరు వేసి, గబగబా కాగితం మడిచి లేచాడు. గుమ్మంలోకి వచ్చి అలవాటుగా బూట్ల కోసం వెతికాడు. అక్కడ లేవు. కిందకి చూసుకుంటే కాళ్లకే ఉన్నాయి. ఉత్తరం కంగారులో వాటితోనే లోపలికి వచ్చేశాడు. తివాచీ మీద గుమ్మం నుంచి బల్ల దాకా మంచు బురద అడుగులు వరసగా ఉన్నాయి.

"వదినా, కాళ్లకి బూట్లున్నాయని చెప్పొద్దూ?" అన్నాడు సిగ్గుపడిపోయి.

"చూశానులే," అంది స్తామెనా. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు, గుడ్డ కోసమూ వెతకలేదు.