పుట్టగొడుగు మొక్క కాదు

హైస్కూల్లో మాకు జీవశాస్త్రం చెప్పిన మిస్, నగర్తపేటలో ఎదురైనా, సిటీ బస్సులో కనిపించినా పాత విద్యార్థుల్ని ఆపి ఒకే మాట చెప్పేవారు: "పుట్టగొడుగు మొక్క కాదంటమ్మా. తన తిండి తాను చేసుకోలేదు. దానికి వేరే గుంపే ఉండాది."

పుట్టగొడుగుల్ని మొక్కల్లో చేర్చి ఆవిడ ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. ఎనభైల్లో వచ్చిన కొత్త పుస్తకం వాటిని విడదీసింది. అప్పటినుంచి ఆవిడకు మనసు నిలవలేదు.

ఒకరోజు బట్టల కొట్టు ముందు నేనూ దొరికిపోయాను. చంకలో పాప, చేతిలో సంచి.

"చదువు ఎప్పుడో నిలిపేస్తిని మిస్. ఇప్పుడు నాకెందుకు ఇదంతా?" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "నీకు పనికి రాకపోవచ్చమ్మా. తప్పు చెప్పింది నేను గదా!"

నేను సంచి కింద పెట్టి, పాఠం మొత్తం నిలబడి విన్నాను.