లోపలివైపు నీలి గీతలు

మార్చిలో భర్త గిల్మర్ పోయాక ఆర్డిస్ గడప దాటితే చర్చికే దాటింది. జూన్ మూడో శనివారం మాత్రం కోటు తొడుక్కుని, కాల్పుల మైదానానికి బయల్దేరిన మరిది వెర్లిన్ బండిలో ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు వదినా, ఈ ఎండలో? గురి కాగితం నేనే తెచ్చి చూపిస్తాగా."

"రెండుసార్లు చూపించావుగా. ఈసారి నా కళ్ళతో చూస్తా."

మాట ఇచ్చేసింది మరి. ఇవాళ కూడా గుళ్ళు చెదిరితే మామగారి నాటి వేట తుపాకీ వెర్లిన్ ఇంటికి పోతుంది. గొట్టం అరిగిపోయిందట, గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదట. అది పోతే గిల్మర్ చెంప ఆని నునుపెక్కిన ఆ చెక్క కూడా ఇంట్లో ఉండదు.

పెళ్ళయిన కొత్తలో గిల్మర్ సీసపు గుళ్ళు తుపాకీ గొట్టంలో బిగుతుగా పట్టడానికి వాటికి తనే కాగితం చుట్టేవాడు. లావు వేళ్ళు. అంచు మీద అంచు ఎక్కేది, గుండు గాలిలో తూలేది. చూసి చూసి ఒకరోజు ఆర్డిస్ పిండి చేతులు కడుక్కుని "ఇటివ్వు" అంది. పలచటి నూలు కాగితాన్ని ఏటవాలుగా కత్తిరించి, తడిపి, సరిగ్గా రెండు చుట్లు చుట్టింది. అంచులు తాకాలి, ఎక్కకూడదు. ఆరితే బిగుసుకుంటుంది. గొట్టం దాటగానే చిన్న చిన్న ముక్కలై రాలిపోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె చుట్టింది, ఆయన కాల్చాడు.

ఇప్పుడూ అవే వేళ్ళు, అదే కాగితం. మొదటిసారి గుళ్ళు చెదిరాయంటే తన చేతినే అనుమానించింది. ఏడుస్తూ చుట్టానేమో అనుకుంది. రెండోసారి గురి కాగితం చూపిస్తూ వెర్లిన్ ఆమె ముఖంలోకి చూడలేదు. అప్పుడు మనసులో ముల్లు గుచ్చుకుంది. అందుకే ఈ వారం, ఉతికే బట్టలకు గుర్తు పెట్టినట్టు, సీసానికి ఆనే లోపలివైపున నీలి పెన్సిలుతో దగ్గర దగ్గరగా గీతలు గీసి మరీ చుట్టింది. పైకి ఏమీ తెలియదు. గురువారం ఆ గుళ్ళ డబ్బా అతని చేతికిచ్చింది. ఇత్తడి తూటా గొట్టాల్లో తుపాకీ మందు పోసి గుళ్ళు బిగించేది అతని ఇంట్లోనే.

మైదానం చూసుకునే ముసలి తోర్వాల్డ్ టోపీ తీశాడు. "రా తల్లీ! నీ దుంప రొట్టెలు లేక చిక్కి సగమయ్యాను."

"ఆ సగమేనా బెల్టు దాటి వస్తోంది?" అంది ఆర్డిస్. మూడు నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి ఎకసెక్కం అదే.

వెర్లిన్ అయిదు గుళ్ళు కాల్చాడు. తోర్వాల్డ్ దూరదర్శినిలో చూసి పెదవి విరిచాడు. "అన్నం పళ్ళెమంత చెదిరాయి."

"చెప్పానా వదినా?"

కాల్పులు ఆపమని తోర్వాల్డ్ ఎర్రజెండా ఎత్తగానే ఆర్డిస్ తుపాకీ ముందున్న గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. రాలిన కాగితాలు ఏరింది. పొడుగాటి పీలికలు, అంచు మీద అంచు ఎక్కినవి. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. మసి ఉంది, సీసపు మరక ఉంది. నీలం లేదు.

"నావి ఏవీ?"

"అవే కదా!"

"నావాటి లోపల నీలి గీతలుంటాయి. వీటిలో చూపించు."

వెర్లిన్ చూపు బండి వైపు పోయింది. ఆర్డిస్ తిన్నగా బండి దగ్గరికి నడిచి సీటు కింద చెయ్యి పెట్టింది. ఒకటి కాదు, మూడు వారాల డబ్బాలూ అక్కడే ఉన్నాయి, కట్టిన దారాలు కూడా విప్పకుండా.

తోర్వాల్డ్ తన బల్ల మీదే మందు పోసి ఆమె గుళ్ళు బిగించాడు. ఒక్కో గుండుకీ గొట్టం తడిగుడ్డతో తుడుస్తూ అయిదు కాల్చాడు. అయిదూ కాఫీ కప్పు బోర్లిస్తే దాగిపోయేంత దగ్గరగా పడ్డాయి. గడ్డిలో నీలి చుక్కలు రాలాయి.

"అది మా నాన్న తుపాకీ వదినా," అన్నాడు వెర్లిన్, బూట్లు చూసుకుంటూ. "అంతా అన్నకే ఇచ్చాడు. నాకు చాకు కూడా మిగల్చలేదు."

"అడిగావా ఎప్పుడైనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అదైనా నిజమో కాదో ఆర్డిస్‌కి తెలియలేదు. తుపాకీని దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుంది.

"వచ్చే శనివారం రా. కాల్చేది నువ్వే. మందు మా వంటింటి బల్ల మీదే పోస్తావు, గుండు నేనే నీ చేతికిస్తా. ఒక్కొక్కటిగా."

ఇంటికి వెళ్ళే దారంతా ఆమె డబ్బాలు సీటు కింద పెట్టలేదు.